పదో తరగతి తప్పినవారు ఐటీఐలో చేరవచ్చా?

చేరవచ్చు, వెల్డర్, వైర్‌మన్ వంటి కొన్ని ట్రేడులకు (వృత్తి కోర్సులకు) ఎనిమిదో తరగతి పాసైతే చాలు. అర్హతను ఏ ట్రేడుకు ఆ ట్రేడుగా నిర్ణయిస్తారు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ పనుల్లో లెక్కలు, సైన్సు ఎక్కువ కాబట్టి వాటికి పదో తరగతి అడుగుతారు.

వెల్డింగు సంగతి చూడండి. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించడానికి తిరిగే ఏరేటర్ల ఇనుప చట్రాలు నీటిలో నాని తుప్పు పడతాయి. ఆ తుప్పు గీకి, పలచబడిన ఇనుముకు చిల్లు పడకుండా అతకాలంటే కరెంటు ఎంత పెట్టాలో, చెయ్యి ఎంత వేగంగా కదపాలో తెలియాలి. చూసినంత తేలిక కాదు. ఏడాది వెల్డర్ కోర్సులో నేర్పేది ఇలాంటి పనితనమే. వైర్‌మన్‌కు రెండేళ్లు పడుతుంది.

ఎనిమిదో తరగతితో చేరితే తక్కువ రకం సర్టిఫికెట్ ఇస్తారని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. అది పొరపాటు. కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ డీజీటీ గుర్తింపు (ఇదివరకు ఎన్‌సీవీటీ గుర్తింపు అనేవారు) ఉన్న ట్రేడు పూర్తిచేసిన అందరికీ ఇచ్చేది ఒకటే, జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. అందుకే చేరేముందు ఆ గుర్తింపు కాలేజీకి ఉందా అని కాక, మీరు ఎంచుకున్న ట్రేడుకు ఉందా అని అడగండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో శిక్షణ పొందే దారీ వీరికి తెరిచే ఉంటుంది.