గుమ్మడిలో పిందె రాలుడు, వచ్చే పంట ప్రణాళిక

ప్రశ్న: మాది ఒడిశా రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. అన్నదమ్ములం కలిసి వంశధార పక్క ఎకరంలో జనవరిలో తీపి గుమ్మడి వేశాం. మూడు బస్తాల యూరియా వేయగా తీగ బాగా పాకింది కాని, నిమ్మకాయంత పిందెలు పసుపుబారి రాలిపోయాయి. నిలిచిన కాయలన్నీ ఒకేసారి కోతకు రావడంతో సంతలో ధర పలకలేదు. వచ్చే ఏడు రెండెకరాలు వేద్దామని తమ్ముళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రెండో ఎకరం సంగతి తరువాత చూద్దాం, ముందు ఉన్న ఎకరంలో పిందె ఎందుకు నిలవలేదో తేలాలి. ఈసారి పిందెలు రాలినప్పుడు ఒకదాన్ని నిలువుగా కోసి చూడండి. తొక్క మీద సూదితో పొడిచినట్టు గాటు, దాని చుట్టూ జిగురు, లోపల తెల్లని పురుగులు కనిపిస్తే అది పండు ఈగ పని. పురుగు లేకుండా, పువ్వు అంటుకున్న కొన నుంచి తొడిమ వైపు వడలుతూ వస్తే ఆ పువ్వుకు పరాగ సంపర్కం జరగలేదన్నమాట. మీరు రాసిన తీరును బట్టి మీ పొలంలో రెండోదే ఎక్కువగా జరిగిందని నా అభిప్రాయం.

గుమ్మడిలో ఆడ, మగ పూలు వేరువేరుగా పూస్తాయి. పువ్వు కింద బుల్లి కాయ ఉన్నది ఆడపువ్వు. మొదట వచ్చేవి మగపూలే కనుక తొలి పూత రాలితే కంగారు పడనక్కరలేదు. ఆడపువ్వు తెల్లవారుజామున విచ్చుకొని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది, పుప్పొడి జిగటగా ఉండి గాలికి ఎగరదు, అందువల్ల ఆ కొద్ది గంటల్లో తేనెటీగ రాకపోతే ఆ పిందె దక్కదు. పూత సమయంలో పురుగుమందు కొట్టక తప్పకపోతే సాయంత్రమే కొట్టాలి. తేనెటీగలు పలచగా ఉన్నాయనిపిస్తే, ఉదయం ఎనిమిదిలోపు అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు నడిమి భాగానికి సుతారంగా అద్దండి. కూలీలతో చేయిస్తే ఇది గిట్టదు. ఇంటిల్లిపాదీ పనిచేసే మీవంటి సేద్యానికి బాగా పనికొస్తుంది.

యూరియా విషయంలో మీరు ఎక్కువే వేశారు. 45 కిలోల బస్తాలు మూడంటే సుమారు 62 కిలోల నత్రజని. ఎకరాకు 32-40 కిలోలు చాలు. దానిని రెండు సమపాళ్లు చేసి, విత్తిన 25-30 రోజులకు ఒకసారి, పూత, పిందె దశలో మరోసారి వేయాలి. నత్రజని మితిమీరితే ఆకు, మగపూలు పెరిగి ఆడపూలు తగ్గుతాయి. మొక్క 2-4 ఆకుల దశలో లీటరు నీటికి 3-4 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి. గంధకం మందులు మాత్రం ఈ పంట మీద కొట్టకండి, ఆకులు మాడతాయి. పండు ఈగకు క్యూ లూర్ (ఈగలను వాసనతో రప్పించే మందు) ఎరలు కట్టండి. అవి మగ ఈగలనే పట్టుకుంటాయి కనుక పుచ్చిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టడం కూడా తప్పదు.

ఇక విస్తీర్ణం. రెండెకరాలు ఒకేసారి విత్తితే ఈ ఏటి ధర కష్టమే రెట్టింపవుతుంది. ఎకరాన్నే మూడు మళ్లుగా విభజించి డిసెంబరు ఆఖరున ఒకటి, జనవరి నడుమ ఒకటి, ఫిబ్రవరి మొదట్లో ఒకటి విత్తండి. ఆపైన ఆలస్యమైతే ఎండలకు మగపూలే ఎక్కువవుతాయి. దాల్మాలో (కూరగాయలు వేసి వండే పప్పులో) గుమ్మడి వేసుకునే ప్రాంతం మీది, కొనేవారికి కొదవ లేదు. సరుకు విడతలుగా రావడమే కావాలి. అర్క చందన్ రకం కాయ 2-3 కిలోలే ఉంటుంది కనుక ముక్కలు కోయకుండా ఇంటికి ఒకటిగా అమ్ముడుపోతుంది. హైబ్రిడ్ కాయలోని గింజలను దాచి విత్తకండి. రెండో ఎకరంలో చోడి (రాగి) గాని మినుము గాని వేసి, మరుసటి ఏడు గుమ్మడిని అక్కడికి మార్చండి. ఏటి ఒడ్డున వానాకాలం పంట మాత్రం నేను సూచించను; 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ ప్రాంతాన్ని ఎంత ముంచిందో మీకు తెలుసు.

కాయ ముదిరి తొడిమ ఎండినట్టయ్యాక, రెండంగుళాల తొడిమ ఉంచి కత్తితో కోయండి; తీగ నుంచి లాగితే తొడిమ ఊడి అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. గాలి ఆడే నీడలో, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఉంచిన కాయలు రెండు నెలలకు పైగా నిలుస్తాయి. గీత పడినవి, తొడిమ ఊడినవి మొదటి సంతకే పంపేయండి.