నెట్టినవాడు వెనకే ఉంటాడు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

తరంగాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 'తరంగములు రెండు రకములు' అని మొదలుపెట్టావు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నానా అనిపించింది తల్లీ.

రకాల సంగతి తర్వాత. అల సాగిపోతుంది, ఊగిన వస్తువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ముందుకు పోయేది శక్తి. ఇది ముందు చెప్పాలి. నువ్వేమో 'అలలు నీటిని మోసుకెళ్తాయి' అని రాసేశావు! ఒకసారి కపిలతీర్థం వెళ్లి, జలధార పడేచోటికి దూరంగా మెట్ల మీద కూర్చో. నీళ్ల మీద ఏ పువ్వో తేలుతుంటుంది. దాని కిందుగా అలలు పోతూనే ఉంటాయి. పువ్వు పైకీ కిందికీ, కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అంతే. (గాలి వీస్తే కొట్టుకుపోతుందనుకో, అది గాలి పని.)

ఇక రకాలు. తిరుమల క్యూలైన్లో నిలబడనివాళ్లు మనలో ఎవరున్నారు? వెనక ఎవరో నెడతారు. ఆ తోపు మనిషి నుంచి మనిషికి అందుకుంటూ గేటు దాకా పోతుంది. నెట్టినవాడు వెనకే ఉంటాడు. తోపు పోయిన దిక్కులోనే మనుషులూ ఊగారు కాబట్టి అది అనుదైర్ఘ్య తరంగం లాంటిది. గాలిలో శబ్దం ఇలాగే, ఒకచోట ఒత్తుకుంటూ ఒకచోట పలచబడుతూ, సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. తిర్యక్ తరంగానికి తడి చీర చాలు. ఇద్దరు చెరో కొస పట్టుకుని ఒకరు విదిలిస్తే, గుడ్డ ఊగేది పైకీ కిందికీ, అల పోయేది అవతలి చేతికి. ఆ చెయ్యి ఝల్లుమంటుంది చూడు, అదే అందిన శక్తి.

నేనూ తక్కువ తినలేదు. పుస్తకంలో శబ్దాన్ని పాములా మెలికలు తిరిగిన గీతగా చూసి, గాలి రేణువులు పైకీ కిందికీ ఊగుతాయని ఒకప్పుడు రాసేశాను. ఆ గీత ఒత్తిడి హెచ్చుతగ్గుల గ్రాఫ్ మాత్రమే. అచ్చయ్యాక ఒక టెన్త్ పిల్లాడు పోస్టుకార్డు రాశాడు. ఆ కార్డు ఇంకా నా సొరుగులో ఉంది. అందుకే నువ్వు వేసిన ప్రతి బొమ్మ కిందా అది దేని బొమ్మో రాయి.

'పెద్ద అలకు ఎక్కువ శక్తి' అని వదిలేశావు. ఎంత ఎక్కువ? కంపన పరిమితి, అంటే నిలకడ చోటు నుంచి ఊగే గరిష్ఠ దూరం, రెట్టింపైతే శక్తి నాలుగింతలు.

వెలుతురుకూ రేడియో తరంగాలకూ ఊగే వస్తువే అక్కర్లేదు. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలే ఊగుతాయి. మన మాడు పగలగొట్టే ఎండ 15 కోట్ల కిలోమీటర్ల శూన్యం దాటి 8 నిమిషాల పైచిలుకులో వచ్చేది అలాగే. దీనికి విదేశీ టెలిస్కోపు ఉదాహరణ ఎందుకు, చిత్తూరు రోడ్డులో గాదంకి ఉండగా? అక్కడ పై వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపుతుంది. గాలి సుడుల నుంచి వెనక్కొచ్చే ఆ కాస్త శక్తిని పట్టి, పైన గాలి ఎటు వీస్తోందో చెబుతుంది. ఆ అల పొడవెంతో కాంతి వేగంతో లెక్క కట్టి రాయి. ఐదున్నర మీటర్లు దాటాలి, లేకపోతే మళ్లీ లెక్క కట్టు.

తిరగరాసి ఆదివారం లోపు పంపు. సోమవారం నాకు కంటి ఆపరేషన్.