నిద్ర లేదంటే కోర్సుకు పంపారు

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో ఉంటున్నాము. మావారు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఐటీ ఉద్యోగం చేస్తున్నారు. మా పాపకు ఐదో నెల. పురుటికి వచ్చిన మా అమ్మ, విజిటర్ వీసా మీద ఆరు నెలలకు మించి ఉండే వీలు లేక తిరిగి వెళ్లిపోయింది. ఇప్పుడు మా అత్తగారు వచ్చి ఉన్నారు. పాప రాత్రంతా రెండు గంటలకోసారి లేస్తుంది. ఏకబిగిన మూడు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు. ఈ మధ్య పాపకు తూకం వేయించడానికి వెళ్తే, హెల్త్ విజిటర్ (పసిపిల్లల ఎదుగుదల చూసే నర్సు) “మీరెలా ఉన్నారు?” అని అడిగారు. జవాబు చెప్పబోయి ఏడ్చేశాను. తర్వాత కొద్దిరోజులకే మమ్మల్ని పేరెంటింగ్ కోర్సుకు రిఫర్ చేసినట్టు కౌన్సిల్ (స్థానిక పాలనా సంస్థ) ముద్రతో ఉత్తరం వచ్చింది. ఇది పిల్లల రక్షణ వ్యవహారాలు చూసే సోషల్ సర్వీసెస్ దాకా వెళ్తుందేమో, వీసాకు అడ్డమవుతుందేమో అని మావారి భయం. పిల్లల్ని పెంచడానికి కూడా బడికి వెళ్లాలా అని అత్తగారి ప్రశ్న. నేను తల్లిగా పనికిరానని వాళ్లు రాసుకున్నట్టేనా? వెళ్లకపోతే ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు, ఇంగ్లండ్

జవాబు: ముందు మీవారి భయం సంగతి చూద్దాం. అది ఇంట్లో ఉన్నంతకాలం నేను చెప్పే మిగతా మాటలేవీ మీ ఇద్దరికీ చెవికెక్కవు. ఇంగ్లండ్‌లో ఐదేళ్లలోపు పిల్లలకు హెల్త్ విజిటర్ సేవలు ఏర్పాటు చేసే బాధ్యత 2015 అక్టోబరు నుంచి స్థానిక కౌన్సిళ్లకు వచ్చింది. ఫ్యామిలీ హబ్‌లలో (కుటుంబాలకు సాయం చేసే స్థానిక కేంద్రాలలో) జరిగే పేరెంటింగ్ తరగతులూ చాలాచోట్ల కౌన్సిళ్లవే కాబట్టి, ఆ ముద్ర చూసి కంగారు పడనక్కరలేదు. బిడ్డకు హాని జరుగుతోందన్న అనుమానంతో 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ 47వ సెక్షన్ కింద సోషల్ వర్కర్లు చేసే విచారణ పూర్తిగా వేరే వ్యవహారం. ఎవరినైనా తరగతికి రమ్మని పిలవడం ఆ విచారణలో భాగం కాదు. తల్లిదండ్రులు తప్పనిసరిగా తరగతులకు వెళ్లాలని ఆదేశించే అధికారం కోర్టులకు ఉంది గాని, 1998 చట్టంతో వచ్చిన ఆ పేరెంటింగ్ ఆర్డర్లు పెద్ద పిల్లలు నేరాలకు పాల్పడడం, బడి ఎగ్గొట్టడం వంటి సందర్భాలకు ఉద్దేశించినవి. మీకు వచ్చినది ఆహ్వానం మాత్రమే. వద్దనే స్వేచ్ఛ మీకు ఉంది. వీసా విషయానికొస్తే, మీలాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తీసుకోకూడని “పబ్లిక్ ఫండ్స్” అనేవి నిబంధనల్లో పేరుపేరునా చెప్పిన కొన్ని భత్యాలు, ప్రభుత్వ గృహవసతి వంటివి. వాటిలో పేరెంటింగ్ తరగతులు లేవు.

మీరు తల్లిగా పనికిరారని రాసుకున్నారని నేను అనుకోను. ఊహించుకుంటూ మథనపడే బదులు, రిఫరల్‌లో ఏమి రాశారో చూపించమని అడగండి. మీ గురించి నమోదైన వివరాల ప్రతిని కోరే హక్కు అక్కడి డేటా రక్షణ చట్టం మీకు ఇస్తోంది. మిమ్మల్ని అడగకుండానే పేరు పంపి ఉంటే, అలా ఎందుకు చేశారని మర్యాదగా ప్రశ్నించడంలోనూ తప్పు లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఆ హెల్త్ విజిటర్ ఉద్దేశం మంచిదే గాని వరుస తప్పింది. ఒక తల్లి కంటనీరు పెట్టుకుంటే ముందు ఆమె నిద్ర గురించి, మనసు గురించి ఆరా తీయాలి. పిల్లల పెంపకంపై తరగతి ఆ తర్వాతి సంగతి. అక్కడ బాలింతల మనఃస్థితి తెలుసుకోవడానికి 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిని విరివిగా వాడతారు. అందులో ఉన్నవి పది ప్రశ్నలే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య జరిగే పరీక్షలో మీరు దాన్ని నింపి ఉన్నా, ఇప్పటి మీ స్థితి వేరు కాబట్టి మళ్లీ నింపుతానని అడగండి. ప్రసవించిన ఏడాదిలోపు పదిమందిలో ఒకరికి పైగా స్త్రీలకు కుంగుబాటు వస్తుందని అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతోంది. పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నేను లేకపోతేనే వీళ్లంతా బాగుంటారేమో అనిపించడం – ఇవి అలసటను మించిన లక్షణాలు. వీటిలో మొదటి రెండు ఉంటే ఈ వారమే జీపీని (మీ కుటుంబ వైద్యుణ్ని) కలవండి. మూడోది ఉంటే ఆ రోజే జీపీకి గాని, ఎన్‌హెచ్‌ఎస్ వారి 111 నంబరుకు గాని ఫోన్ చేసి మానసిక ఆరోగ్య విభాగంతో మాట్లాడండి. మాటల ద్వారా మనోవేదనకు చికిత్స చేసే ‘టాకింగ్ థెరపీస్’ సేవకు జీపీ చీటీ లేకుండా మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. తెలుగులోనే మాట్లాడగలనంటే దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయమని కోరవచ్చు. ఇలాంటి విషయాలకు భర్తనే దుబాసీగా కూర్చోబెట్టుకోకపోవడం మంచిది.

ఇక నిద్ర. ఐదో నెలలో రాత్రి పలుమార్లు లేవడం పాప తప్పూ కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. కొందరు పిల్లలు ఏడాది దాకా అలాగే లేస్తారు. కాబట్టి పాప నిద్రను సరిచేయడం కన్నా మీ నిద్రకు సమయం కేటాయించడమే ముందు చేయవలసిన పని. మన దగ్గర కాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్లి మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా ఉంచుకోవడంలో పథ్యాలు, సాంబ్రాణి ధూపాలు ఎన్ని ఉన్నా, బాలింతకు అసలు మేలు చేసింది బిడ్డను ఎత్తుకునే చేతులు నాలుగైదు ఉండడమేనని నేను నమ్ముతాను. మీ ఇంట్లో ఇప్పుడు మరో రెండు జతల చేతులున్నాయి. రాత్రి తొమ్మిదికి పాలిచ్చి మీరు వేరే గదిలో పడుకోండి. ఒంటిగంట దాకా పాప బాధ్యత మీవారిది. ఆ మధ్యలో లేస్తే పిండి ఉంచిన పాలో, డబ్బా పాలో ఆయనే పట్టాలి. తెల్లవారుజామున ఐదింటికి అత్తగారికి అప్పగించండి. మరుసటి రోజు ఆఫీసు ఉందని మీవారు అనవచ్చు. మీకు మాత్రం సెలవు రోజంటూ ఏదీ లేదని గుర్తుచేయండి. అత్తగారిని సలహా అడిగితే సలహాలే వస్తాయి గనుక, ఆమె దగ్గర గంటలు అడగండి. తన కాన్పులప్పుడు రాత్రిళ్లు బిడ్డను ఎవరు చూసేవారని మాటల్లో అడిగి చూడండి. ఆ ప్రశ్నకు ఆవిడ చెప్పే జవాబుతో కోర్సు మీది వ్యంగ్యం కొంత తగ్గవచ్చు.

అలసట వల్ల వచ్చే అసలు ప్రమాదం ఒకటుంది. పాలిస్తూ సోఫాలోనో వాలు కుర్చీలోనో పాపతో సహా కునుకు తీయడం చాలా ప్రమాదకరం. రెప్ప వాలుతున్నట్టు అనిపిస్తే పాపను మరొకరికి ఇవ్వండి, లేదా తొట్టెలో పడుకోబెట్టండి. వెల్లకిలా, గట్టిపరుపు మీద, మొదటి ఆరు నెలలు పగలైనా రాత్రైనా పెద్దవాళ్లున్న గదిలోనే పడుకోబెట్టమని అక్కడి సూచన. 1991లో బ్రిటన్‌లో వెల్లకిలా పడుకోబెట్టడం గురించి పెద్ద ఎత్తున ప్రచారం చేశాక, నిద్రలో శిశువులు హఠాత్తుగా చనిపోవడం బాగా తగ్గింది. తల గుండ్రంగా రావాలని అత్తగారు ఆవాల దిండు తెచ్చి ఉంటే, ఏడాది నిండేదాకా ఏ దిండూ పనికిరాదని హెల్త్ విజిటర్ చేతనే చెప్పించండి. కోడలు చెబితే మాట పెరుగుతుంది. ఏడుపు భరించలేననిపించినప్పుడు పాపను తొట్టెలో వదిలి, కొన్ని నిమిషాలు పక్క గదిలో ఊపిరి పీల్చుకుని రావడం తల్లి చేయదగిన పనే. విసుగులో బిడ్డను కుదపడం మాత్రం ఎన్నటికీ కూడదు.

కోర్సుకు వెళ్లాలా వద్దా అన్నది వీటి తర్వాతే తేల్చుకోండి. ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, ఇది పసిపిల్లల తల్లిదండ్రుల కోసమా, మూడేళ్లు దాటిన పిల్లల అల్లరి గురించా అని అడగండి. రెండోదైతే మీకు ఇప్పుడు అవసరం లేదు. పాపను వెంట తెచ్చుకోవచ్చా, ఆన్‌లైన్‌లో ఉందా, సాయంత్రం తరగతులున్నాయా, తండ్రి వస్తే సరిపోతుందా అన్నవీ అడగండి. నన్నడిగితే మొదటి తరగతికి మీవారు పాపను ఎత్తుకుని వెళ్లాలి, ఆ రెండు గంటలూ మీరు ఇంట్లో పడుకోవాలి. దేశం కాని దేశంలో ఒంటరిగా ఉన్న తల్లికి తనలాంటి మరో నలుగురు అక్కడ పరిచయం కావడం ఆ తరగతుల వల్ల కలిగే లాభమే గాని, అది ఇప్పుడే దొరకాలనేమీ లేదు. మీవారు వెళ్లడమూ కుదరకపోతే, ఈ విడతకు రాలేమని, తర్వాతి విడతలో పేరు ఉంచమని చెప్పండి.