ముసుగు వేసుకున్నాక ఎవరు నటిస్తే ఏంటి? సినిమాల్లో బ్యాట్‌మ్యాన్‌గా క్రిస్టియన్‌ బేల్‌ గొప్పా, రాబర్ట్‌ ప్యాటిన్సన్‌ గొప్పా అని అంత గొడవ ఎందుకు?

నేనూ ఆ గొడవలో పీకలదాకా దిగినవాణ్ణే. 2019లో రాబర్ట్‌ ప్యాటిన్సన్‌ని బ్యాట్‌మ్యాన్‌గా తీసుకున్నారని తెలిసిన రోజు మా బావతో ఫోన్లో గంటసేపు వాదించాను. రక్తపిశాచి ప్రేమకథలు చేసిన కుర్రాడికి ఈ పాత్ర ఏంటని నా బాధ. అప్పటికి ఆ ప్రేమకథలు తప్ప అతను చేసిన సినిమా ఇంకొకటి చూడలేదు. ఆ సంగతి బావకి చెప్పలేదనుకోండి.

నా ఆలోచన మారింది మాత్రం అతని సినిమా చూసి కాదు. నేనే ఒకసారి ముసుగు తగిలించుకోవాల్సి వచ్చింది. ఆఫీసులో ఏదో వేడుకకి నాలుగు నిమిషాల స్కిట్‌, అందులో నాది బ్యాట్‌మ్యాన్‌ లాంటి వేషం. తల మొత్తం కప్పే రబ్బరు ముసుగు. అద్దంలో చూసుకుంటే బ్రహ్మాండంగా ఉన్నాను. స్టేజి ఎక్కాక మొదలైంది అసలు కథ. చెవులు మూసుకుపోయి నా గొంతు తలలోపలే మోగుతోంది. ఎంత గట్టిగా అరుస్తున్నానో నాకే తెలియదు. పక్కవాడు డైలాగ్‌ చెబుతుంటే అటు తల తిప్పాను. తల తిరిగింది, ముసుగు తిరగలేదు. కంటి కన్నం కాస్తా చెంప మీదికి జరిగి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మిగతా స్కిట్‌ అంతా ఒంటికన్నుతోనే లాగించాను.

అవన్నీ సరే, తర్వాత వీడియో చూసినప్పుడు అసలు దెబ్బ తగిలింది. కోపం సీన్లో నేను కనుబొమలు ముడిచి ప్రాణం పెట్టి నటించాను. ఆ కనుబొమలు, నుదురు ముసుగు కింద ఉండిపోయాయి. బయటికి కనిపించింది కాస్త తెరుచుకున్న నోరు. కోపంతో రగిలిపోతున్నవాడిలా లేను, బస్సు వెళ్లిపోయాక నిలబడ్డవాడిలా ఉన్నాను.

ఆ తర్వాత పాత సినిమాలు మళ్లీ చూస్తే వేరేగా కనిపించాయి. ముందు 1989 నాటి మైకేల్‌ కీటన్‌. అతను అప్పటికి ఎక్కువగా కామెడీలకి పేరున్నవాడు. అతన్ని ఎంపిక చేశారని తెలిసి సినిమా తీస్తున్న వార్నర్‌ బ్రదర్స్‌ సంస్థకి దాదాపు 50,000 నిరసన ఉత్తరాలు వచ్చాయని చెబుతారు. ఇంటర్నెట్‌ లేని రోజుల్లో, స్టాంపులు అంటించి మరీ! ఆ సూట్‌లో అతనికి మెడ తిరగదు. పక్కకి చూడాలంటే భుజాలతో సహా ఒళ్లంతా తిప్పాలి. నాలాంటివాడైతే అవస్థ పడుతున్నట్టు కనిపించేవాడు. కీటన్‌ దాన్నే పాత్ర నడవడిగా మార్చుకున్నాడు. కదిలితే మొత్తంగా కదులుతాడు, లేదంటే బొమ్మలా నిలబడతాడు. మాటలు తగ్గించి కళ్లతోనే పని కానిచ్చేశాడు. చిన్నప్పుడు చూసి 'వీడేంటి ఇంత బిర్రుగా ఉన్నాడు' అని నవ్వుకున్నది నేనే. స్కిట్‌ తర్వాత చేతులెత్తి దండం పెట్టాను.

ఈ మెడ బాధ ఎంత ముదిరిందంటే, 2008 సినిమాలో ఏకంగా కథలోకే తెచ్చేశారు. క్రిస్టియన్‌ బేల్‌ కొత్త సూట్‌ అడిగే సీన్లో తల తిప్పే వీలు ఉండాలన్న మాట వస్తుంది, దాని మీద కారు రివర్స్‌ చేయడం గురించి ఒక జోకు కూడా ఉంటుంది.

బేల్‌ విషయంలో తగువంతా గొంతు గురించే. ముసుగు తీస్తే ఒక గొంతు, వేస్తే గరగరలాడే ఇంకో గొంతు. తన గొంతు ఎవరూ గుర్తుపట్టకూడదనుకునే మనిషి అలా మాట్లాడటంలో తప్పేం లేదు, రెండు మూడు ముక్కలు బెదిరించడానికి అది అద్భుతంగా పనిచేస్తుంది కూడా. పొడుగాటి సంభాషణ వచ్చినప్పుడే చిక్కు, వినేవాళ్లకి గొంతు నొప్పి పుడుతుంది. పైగా ఆ 2008 సినిమాలో అతని గొంతుని సౌండ్‌ విభాగం వాళ్లు తర్వాత ఇంకాస్త మార్చారు. ఆ పాపం మొత్తం బేల్‌ నెత్తిన వేయడం అన్యాయం.

ఇక ప్యాటిన్సన్‌. 2022లో సినిమా వచ్చాక మొదటిసారి మామూలుగా చూశాను. రెండోసారి ఇంట్లో సౌండ్‌ తీసేసి అరగంట చూశాను. మీరూ చేసి చూడండి. చీకట్లోంచి నింపాదిగా నడిచొచ్చే ఆ నడక, ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ రెప్ప వేయకుండా చూడటం, సౌండ్‌ లేకపోయినా భయం పుట్టిస్తాయి. మూడు గంటలకి దగ్గరగా ఉన్న సినిమాలో ఎక్కువ భాగం ముసుగులోనే ఉండి అంత పట్టు నిలపడం చిన్న పని కాదు. ముసుగు తీస్తే బ్యాట్‌మ్యాన్‌ అసలు పేరు బ్రూస్‌ వేన్‌. ఆ డబ్బున్న షోకిలా బ్రూస్‌ కనిపించలేదని చాలామంది కోపం. నాకూ కొంత లోటుగానే అనిపించింది. అయితే ఆ కథ అతను ముసుగు వేసుకున్న రెండో ఏడాదిలో జరుగుతుంది, ఇంకా మనిషిగా కుదురుకోని బ్రూస్‌ని దర్శకుడు మ్యాట్‌ రీవ్స్‌ కావాలనే అలా పెట్టుకున్నాడు. ఆ ఫిర్యాదు ఆయనకి చేయాలి.

బెన్‌ అఫ్లెక్‌ని బ్యాట్‌మ్యాన్‌గా తీసుకున్నప్పుడు 2013లో అతని మీద పిటిషన్లు పెట్టారు. తర్వాత వచ్చిన తిట్లలో సగం 'బ్యాట్‌మ్యాన్‌ మనుషుల్ని చంపేయడమేంటి' అని. అది రాసినవాళ్ల సంగతి. 1997లో బ్యాట్‌మ్యాన్‌గా చేసిన జార్జ్‌ క్లూనీని మాత్రం నేను కాపాడలేను. ముసుగు ఉన్నా లేకపోయినా అదే గొంతు, అదే చిరునవ్వు. ఆయనే ఆ సినిమాకి చాలాసార్లు క్షమాపణ చెప్పుకున్నాడు కాబట్టి వదిలేద్దాం.

ముసుగులో నటన ఏముంటుందని ఇంకా అనుమానం ఉంటే 2012లో జడ్జ్‌ డ్రెడ్‌ అనే హెల్మెట్‌ కామిక్స్‌ హీరోగా చేసిన కార్ల్‌ అర్బన్‌ని చూడండి. సినిమా అంతా ఒక్కసారి కూడా హెల్మెట్‌ తీసిన ముఖం చూపించడు. కళ్లు కూడా కనిపించవు. మనకి దొరికేది కిందికి వంగిన ఆ పెదవులు, గొంతు, అంతే. అయినా ఎప్పుడు విసుగొచ్చిందో, ఎప్పుడు జాలి కలిగిందో తెలిసిపోతుంది.

మా బావ సంగతి చెప్పలేదు కదూ. బేల్‌ గొంతుని మించింది లేదని నాతో రెండేళ్లు వాదించినవాడు, ఆ సినిమాలన్నీ చూసింది తెలుగు డబ్బింగ్‌లో. ఈమధ్య నా పోరు పడలేక ఇంగ్లిష్‌లో పెట్టాడు. పది నిమిషాలకి ఫోన్‌: "ఏంట్రా ఇది, వీడికి జలుబు చేసిందా?" అన్నాడు. ఇప్పుడు బావ దృష్టిలో అసలైన బ్యాట్‌మ్యాన్‌ ఆ డబ్బింగ్‌ చెప్పినాయన. ఆయన పేరేంటని నన్నే అడుగుతున్నాడు.