మా పాప గ్రీటింగ్ కార్డులు చేస్తుంది, ఇంజినీరింగ్ వద్దంటోంది

ప్రశ్న: నమస్తే మేడం. మాది భీమవరం. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఎనిమిదో తరగతి నుంచీ చేత్తో గ్రీటింగ్ కార్డులు చేస్తోంది. సంక్రాంతి, ఫ్రెండ్‌షిప్ డే, రాఖీ, టీచర్స్ డే, దీపావళి, క్రిస్మస్... ఏడాదంతా ఏదో ఒకటి ఉంటుంది. క్విల్లింగ్ (సన్నటి కాగితం పట్టీలు చుట్టి బొమ్మలు చేయడం) బాగా చేస్తుంది. పోయిన దీపావళికి 40 కార్డులు చేసి, ఒక్కోటి 60 రూపాయల చొప్పున 31 అమ్మింది. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, ఇదే వ్యాపారంగా పెట్టుకుంటానంటోంది. మావారు కోపంతో ఆ సామానంతా అటక ఎక్కించేశారు. ఎంపీసీ వేస్ట్ అయిపోతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
- ఒక తల్లి

జవాబు: ముందు ఆ సామాను అటక మీంచి దింపించండమ్మా. వచ్చే ఏడాది కాలంలో మీ పాపకి కోచింగ్ పుస్తకాల కంటే అదే ఎక్కువ పనికొచ్చే అవకాశం ఉంది. అలాగని మీవారి భయం అర్థం లేనిదని నేను అనను. మీరు రాసిన దీపావళి లెక్కనే ఒకసారి పూర్తిగా వేసి చూద్దాం.

31 కార్డులు, 60 రూపాయలు. వచ్చింది 1,860. ఖర్చు ఎంతో మీరు రాయలేదు. అట్ట, క్విల్లింగ్ స్ట్రిప్స్, కవరు, ఫెవికాల్ అన్నీ కలిపి కార్డుకి 24 రూపాయలు అనుకుందాం. అమ్ముడుపోని తొమ్మిదింటికీ సామాను ఖర్చయింది కాబట్టి 40 కార్డులకి 960. మిగిలింది 900. క్విల్లింగ్ కార్డు ఎంత చేయి తిరిగినవాళ్లకైనా గంట పడుతుంది. అంటే 40 గంటల పనికి 900 రూపాయలు, గంటకి ఇరవై రెండున్నర. పాప ఈ లెక్క ఎప్పుడూ వేసి ఉండదు, ఎందుకంటే సామాను డబ్బులు మీరిచ్చి ఉంటారు, తన టైముకి తను ఖరీదు కట్టుకుని ఉండదు. ఈ కాగితం ఆమె ముందు పెట్టండి. తిట్టడానికి కాదు. తను కూర్చుని సొంత అంకెలతో మళ్లీ వేసుకోమనండి.

ఆ తొమ్మిది కార్డులు ఎందుకు మిగిలాయన్నది నాకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. కార్డు వ్యాపారం కథ కొంచెం చెప్పాలి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే అధికారికి క్రిస్మస్ ఉత్తరాలకి జవాబులు రాసే తీరిక లేక, ఒక చిత్రకారుడితో బొమ్మ వేయించి కార్డు అచ్చు కొట్టించాడు. మొదటి క్రిస్మస్ కార్డుగా చెప్పేది దాన్నే. అంతకు మూడేళ్ల ముందే అక్కడ ఒక్క పెన్నీకి ఉత్తరం వెళ్లే పద్ధతి వచ్చింది. తపాలా చవక కావడం, మనిషికి తీరిక లేకపోవడం, ఈ రెండూ కలిస్తే పుట్టింది అచ్చు కార్డు. మన దేశంలో ఆర్చీస్ అనే గ్రీటింగ్ కార్డుల కంపెనీ 1979లో మొదలైంది, తొంభైల్లో మన ఊళ్లలో కూడా డిసెంబరు వస్తే ఫ్యాన్సీ షాపుల ముందు కార్డుల స్టాండ్లు ఉండేవి. మీరూ కొని ఉంటారు. తర్వాత ఎస్సెమ్మెస్, వాట్సాప్ వచ్చి అదే పనిని ఉచితంగా చేసేశాయి. తీరిక లేనివాళ్లు ఇప్పుడు ఫార్వర్డ్ కొడతారు. కాబట్టి "దీపావళి శుభాకాంక్షలు" అని మాత్రమే ఉన్న కార్డు, ఎంత అందంగా చుట్టినా, ఫార్వర్డ్‌తోనే పోటీ పడుతోంది. మిగిలిపోయిన తొమ్మిదింటి మీదా ఎవరి పేరూ లేదు, అవునా?

పేరున్న కార్డు మిగలదు. ముందే ఆర్డరు, సగం అడ్వాన్సు, తర్వాతే పని. "మా అన్నయ్య బెంగళూరులో ఉంటాడు, బైకు పిచ్చి, రాఖీతో పాటు పంపాలి" అని ఎవరైనా చెబితే దానికి తగ్గట్టు చేసిన కార్డుకి 250 అడగొచ్చు, ఇస్తారు కూడా. అదే పాప, అదే గంట.

ఇంకో విషయం, ఇది నా గట్టి అభిప్రాయం. మన తెలుగిళ్లలో ఉగాదికి పచ్చడి ఇస్తాం గానీ కార్డు ఇచ్చే అలవాటు లేదు. కాగితం మీద మనం ఈనాటికీ మానకుండా ఖర్చు పెట్టేది రెండే చోట్ల: శుభలేఖ, చదివింపుల కవరు. పెళ్లయినా, గృహప్రవేశమైనా, ఓణీల ఫంక్షనైనా నూట పదహార్లో, ఐదొందల పదహార్లో, వెయ్యి నూట పదహార్లో కవర్లో పెట్టే ఇస్తాం. షాపులో దొరికే కవర్లు చాలావరకు ఒకే బంగారు రంగు ముద్ర, అదే వినాయకుడు. దాని మీద తలంబ్రాలు పోసుకుంటున్న జంట, వాళ్ల పేర్లు, ఇచ్చేవాళ్ల పేరు, ఇదంతా చక్కటి తెలుగు అక్షరాల్లో ఉంటే కొనేవాళ్లు ఉంటారు. మీకు పక్కనే నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లున్నారు. రూపాయి బిళ్లంత లేసు పువ్వు ఒకటి ఆ కవరు మీద అతికిస్తే అది మీ జిల్లా వస్తువవుతుంది, ఢిల్లీ హోల్‌సేల్‌లో దొరకదు. పాప వ్యాపారమే చేస్తానంటే దీపావళి కార్డు కంటే ముందు ఈ కవరు ప్రయత్నించమనండి.

తెలుగు అక్షరాలు అన్నాను కదా, అక్కడ కాస్త ఆగుతాను. నా దగ్గరికి పిల్లలు తెచ్చే కార్డుల్లో తొంభై పాళ్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. తెలుగు అక్షరాన్ని అందంగా రాయగలిగేవాళ్లు, శుభలేఖ పేజీని పొందిగ్గా కూర్చగలిగేవాళ్లు చాలా తక్కువ. బాపు గారి చేతిరాత ఫాంటుగా మారి ఈనాటికీ శుభలేఖల మీద కనబడుతోందంటే ఆ కొరత అర్థమవుతుంది. పాపని రోజూ ఒక పావుగంట బ్రష్ పెన్నుతో గుణింతాలు రాయమనండి. కంప్యూటర్ మీద చేస్తే మండలి, ధూర్జటి, తిమ్మన, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, అమ్మే వస్తువు మీద వాడుకోవడానికి కూడా అనుమతి ఉంది.

పనిలో సరిచేసుకోవాల్సినవి రెండు చెబుతాను. పోస్టులో పంపేవాటికి క్విల్లింగ్ వద్దు, సంచుల్లో పడి నలిగిపోతుంది. అవి చదునుగా, కత్తిరింపులతో చెయ్యాలి. బరువు కూడా చూసుకోవాలి. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. ఆ లెక్కన 300 జీఎస్‌ఎం ఏ4 షీటు ఒక్కటే దాదాపు 19 గ్రాములు. మామూలు ఉత్తరానికి పోస్టాఫీసు మొదటి మెట్టు 20 గ్రాములు. కవరు కలిస్తే అది దాటిపోతుంది, స్టాంపు తక్కువైతే అందుకున్నవాళ్లు డబ్బు కట్టాల్సి వస్తుంది. అదే షీటుని సగానికి కోసి మడిస్తే తొమ్మిదిన్నర గ్రాములే. మడత దగ్గర అట్ట పగులుతోందంటే కాగితం నారకి అడ్డంగా మడుస్తున్నట్టు. షీటుని రెండు వైపులా కొంచెం వంచి చూసి, ఎటు తేలిగ్గా వంగితే అటే మడత పెట్టాలి.

సినిమా హీరోల బొమ్మలు, కార్టూన్ బొమ్మలు వేసిన కార్డులు అమ్మొద్దు. కాపీరైట్ చట్టం ఇంట్లో చేసినవాటికీ వర్తిస్తుంది. పద్దెనిమిది నిండేదాకా ఆమె పేరున చేసుకున్న ఒప్పందం చెల్లదు కాబట్టి ఆన్‌లైన్ షాపు పెట్టినా, యూపీఐ పెట్టినా మీ పేరునే పెట్టండి.

ఇక అసలు సంగతి, చదువు. ఎంపీసీ వేస్ట్ కాదు. డిజైన్ కోర్సుల్లో చాలావాటికి ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్ష రాస్తే ఐఐటీ బాంబే, ఢిల్లీ, గువాహటి, మన హైదరాబాద్ ఐఐటీల్లో నాలుగేళ్ల బీడిజైన్ చదవొచ్చు. అందులో కంప్యూటర్ మీద రాసే భాగంతో పాటు చేత్తో బొమ్మ వేసే భాగం కూడా ఉంటుంది. అహ్మదాబాద్‌లో 1961లో మొదలైన ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కూడా సంస్థ ఉంది. దాని ప్రవేశ పరీక్ష రెండు దశలు. రెండో దశలోని స్టూడియో టెస్టులో కాగితం, తీగ, మట్టి లాంటివి చేతికిచ్చి ఏదో ఒకటి తయారుచేయమంటారు. ఐదేళ్లుగా కత్తెర, కట్టర్ పట్టుకున్న పిల్లకి అక్కడ చేతులు వణకవు. నిఫ్ట్‌లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) ఫ్యాషన్ కమ్యూనికేషన్ కోర్సు ఉంది, హైదరాబాద్‌లో సెంటర్ ఉంది. ఖర్చు తక్కువలో కావాలంటే బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్ చూడండి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కడపలో ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ). హైదరాబాద్‌లో మీరు స్థానికేతరులు అవుతారు కాబట్టి సీట్ల నిబంధన ముందే కనుక్కోండి. ఎన్‌ఐడీ, ఐఐటీల ఫీజు బీఎఫ్‌ఏతో పోలిస్తే చాలా ఎక్కువ. ఎడ్యుకేషన్ లోన్ గురించి ఇప్పుడే మాట్లాడుకుంటే మంచిది.

ఈ చదువు తర్వాత ఎవరూ "గ్రీటింగ్ కార్డు డిజైనర్ కావలెను" అని పిలవరు. ప్యాకేజింగ్, పుస్తకాల బొమ్మలు, పెళ్లి శుభలేఖల డిజైన్, కంపెనీల ప్రచార సామగ్రి, మొబైల్ యాప్‌ల స్క్రీన్లు... పని ఇక్కడ ఉంటుంది. కార్డు చేసేటప్పుడు రంగు, అక్షరం, ఖాళీ జాగా గురించి ఆమె తీసుకునే నిర్ణయాలే అక్కడా తీసుకోవాలి.

అయితే డిజైన్ ఆమెకి పడుతుందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. క్విల్లింగ్ స్ట్రిప్స్ పక్కన పెట్టించి, కంటి ఆపరేషన్ అయిన అమ్మమ్మకి ఒక కార్డు చెయ్యమనండి. యూట్యూబ్ చూడకూడదు. అమ్మమ్మ దగ్గరికెళ్లి ఏ రంగు కనబడుతోంది, ఎంత అక్షరం చదవగలదు, చేత్తో తడిమితే ఏది తెలుస్తుంది అని అడిగి, రెండు మూడు రకాలు చేసి మార్చుకుంటూ పోతే ఆమెది డిజైన్ బుర్ర, యూసీడ్, ఎన్‌ఐడీ వైపు వెళ్లనివ్వండి. ఆ ప్రశ్నలు విసుగనిపించి, చుట్టిందే ఇంకా నేర్పుగా చుట్టడంలోనే ఆనందం ఉంటే ఆమెది చేతిపని మనసు. తక్కువేం కాదు. బీఎఫ్‌ఏ లేదా డిగ్రీతో పాటు చిన్న వ్యాపారం ఆమెకి నప్పుతుంది.

ఏడాది ప్లాను మాత్రం మార్చాలి. కార్డుల సీజనూ పరీక్షల సీజనూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఈ ప్రవేశ పరీక్షలకి దరఖాస్తులు సాధారణంగా దసరా, దీపావళి రోజుల్లో నడుస్తాయి, పరీక్షలు డిసెంబరు, జనవరి ప్రాంతంలో ఉంటాయి. అంటే క్రిస్మస్, న్యూ ఇయర్, సంక్రాంతి కార్డులు వచ్చే ఏడాదికి వదులుకోవాల్సిందే. ఇది ఆమెకి ముందే చెప్పండి, డిసెంబరులో గొడవ పడొద్దు. ఈ వేసవి సెలవుల్లో డిజైన్లు వేసి అట్టలు కోసుకుని పెట్టుకోవచ్చు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, ఆ నెలలో ఫ్రెండ్‌షిప్ డే, రాఖీ ఆర్డర్లు తీసుకోవచ్చు. ఆగస్టు మొదటి ఆదివారం, శ్రావణ పౌర్ణమి, సెప్టెంబరు 5 దగ్గర దగ్గరగా వస్తాయి, శ్రావణంలో పెళ్లి ముహూర్తాలూ మొదలవుతాయి. ఈ నాలుగింటికే పరిమితమై, టీచర్స్ డే అయ్యాక కత్తెర లోపల పెట్టాలి. కార్డు మీద సంవత్సరం అంకె వెయ్యొద్దని చెప్పండి, మిగిలితే మళ్లీ అమ్ముకోవచ్చు.

చేసిన ప్రతి కార్డునీ పగటి వెలుతురులో ఫొటో తీసి, దాని చిత్తు బొమ్మ కూడా దాచమనండి. కుదరక పారేసినవి కూడా ఉండాలి. కొన్ని కాలేజీల్లో పోర్ట్‌ఫోలియో, అంటే తను చేసిన పనులన్నీ కూర్చిన ఫైలు, అడుగుతారు, చిత్తు బొమ్మలుంటేనే అది సొంత ఆలోచనో కాదో వాళ్లకి తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే "క్విల్లింగ్ డిప్లొమా"లకి డబ్బు కట్టకండి. ఏ అడ్మిషన్‌లోనూ దానికి విలువ ఉండదు.

జేఈఈ కోచింగ్, డిజైన్ రెండూ ఒకేసారి నెత్తిన పెట్టకండి, రెండూ పోతాయి. ఈఏపీసెట్ మాత్రం రాయించండి. అది ఇంటర్ సిలబస్సే కాబట్టి అదనపు భారం తక్కువ, మీవారికీ కొంత ధైర్యం. డిజైన్ సీటు అందక మార్కులు దగ్గర దాకా వచ్చుంటే ఒక్క ఏడాది ఆగి మళ్లీ రాయించొచ్చు. యూసీడ్ వరుసగా రెండేళ్లు రాయనిస్తారు, అంతకు మించి లేదు. మార్కులు మరీ దూరంగా ఉంటే ఏడాది వృథా చేయకుండా బీఎఫ్‌ఏలో చేర్చండి, లేదంటే బీకాంలో చేర్చి చదివింపుల కవర్ల ఆర్డర్లు నడుపుకోనివ్వండి. ఆ పనికి అకౌంట్లు తెలియడం కూడా అవసరమే.