పాపకి పాతపేరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మా పాపకి ఇరవై ఒకటో రోజున బారసాల. రాజ్యలక్ష్మి, అనసూయ, సుభద్ర అనే మూడు పేర్ల దగ్గర ఆగిపోయాం. మూడూ ఇంట్లో పెద్దవాళ్ల పేర్లే. ఎవరినీ నొప్పించకుండా ఏది పెట్టుకోవాలి?
*– ఒక పాఠకురాలు, విజయవాడ*

అర్థం చూసి తేల్చుకుందామంటే తేలదు. రాజ్యలక్ష్మి మంగళగిరి నరసింహస్వామి పక్కన ఉండే అమ్మవారు, అనసూయ అత్రి మహర్షి ఇల్లాలు, సుభద్ర అభిమన్యుడి తల్లి. దేనికి వంక పెడతాం? పేరు తేలేది పిలుపు దగ్గరే.

మన ఇళ్లలో మూడక్షరాలు దాటిన పేరు నెల తిరక్కుండానే తెగుతుంది. రాజ్యలక్ష్మి ఇంట్లో రాజీ, బళ్లో లక్ష్మి అవుతుంది. పూర్తి పేరు పెళ్లి శుభలేఖలో తప్ప కనిపించదు. అనసూయ తెగితే అనూ. అనూష, అనురాధ, అనుపమ అందరూ అనూలే కాబట్టి పాతపేరు పెట్టిన ముచ్చట అక్కడితో సరి. సుభద్రలో తెంచడానికి ఏమీ లేదు. మహా అయితే సుభ అంటారు. దీనికున్న చిక్కల్లా ‘భ’ ఒత్తు. ఇంట్లో అందరూ ‘సుబద్ర’ అంటుంటే పిల్ల కూడా అదే నేర్చుకుని, రేపు తెలుగు పరీక్షలో తన పేరే తప్పు రాస్తుంది. కాబట్టి మొదటి రోజు నుంచీ ఒత్తి పలకండి.

శాస్త్రం కూడా అటే మొగ్గుతోంది. ఆడపిల్ల పేరు బేసి అక్షరాలతో ఉండాలని ఆపస్తంబ గృహ్యసూత్రం అంటుంది. రాజ్యలక్ష్మి నాలుగు, అనసూయ నాలుగు, సుభద్ర మూడు. సుఖంగా పలికేలా, మంగళం తోచేలా ఉండాలని మనుస్మృతిలో మనువు అన్నాడు. అదే మనువు ఇంకోచోట నక్షత్రాల, చెట్ల, నదుల పేర్లున్న పిల్లని చేసుకోవద్దన్నాడు. ఆ మాట పట్టుకుంటే మన రోహిణులకీ, తులసులకీ, కృష్ణవేణులకీ పెళ్లిళ్లే అయ్యేవి కావు. అందుకే శాస్త్రాన్ని సలహాగా తీసుకుంటే చాలు.

బారసాలకి ఇంకా టైముంటే ఒక్కో పేరుతో రెండు మూడు రోజులు పాపని పిలిచి చూడండి. నిద్ర లేపుతూ ఒకసారి, విసుగ్గా ఒకసారి, వీధి చివరి నుంచి కేకేసినట్టు ఒకసారి. ఆ తర్వాత ఇంటిపేరుతో కలిపి, ఫోన్లో ఆస్పత్రి వాళ్లకి చెబుతున్నట్టు అనండి. మొదటిసారికే అవతలివాళ్లకి అర్థమవ్వాలి. ఐదారు అక్షరాల ఇంటిపేరుకి రాజ్యలక్ష్మి తగిలిస్తే ఫారంలో గళ్లు చాలవు. ఇంగ్లీషులో రాజ్యకీ లక్ష్మికీ మధ్య ఖాళీ వదిలారా, ఏదో ఒక ఆఫీసులో లక్ష్మిని ఇంటిపేరు చేసేస్తారు. పెడితే కలిపే రాయండి.

‘మరీ పాతగా ఉందేమో’ అన్న బెంగ వద్దు. పాతగా అనిపించేవి నాయనమ్మల పేర్లు కావు, మన పిన్నుల పేర్లు. సునీత, శైలజ, మాధవి వింటే ఇంకా ఆఫీసుకి వెళ్లే ఆవిడే గుర్తొస్తుంది. ఇంకో రెండు తరాలు వెనక్కి వెళ్లి జానకి, వైదేహి, సుభద్ర అంటే చెవికి కొత్తగా ఉంటుంది.

మా ఓటు సుభద్రకి, రెండో పాపకి అనసూయ. మంగళగిరిలో మొక్కుకుని కన్న బిడ్డయితే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, రాజ్యలక్ష్మే పెట్టండి.

మా మనవరాలు డాలస్‌లో పుట్టింది. హస్త మూడో పాదం, ‘ణ’ అక్షరం అన్నారు. ‘ణ’తో పేరెక్కడ దొరుకుతుంది? అమ్మాయేమో మా అమ్మగారి పేరు అన్నపూర్ణ పెడతానంటోంది.
*– ఒక పాఠకుడు, హైదరాబాద్*

పేరు సంగతి తర్వాత, ముందు పాదం, అంటే నక్షత్రంలో నాలుగో వంతు, సరిచూడండి. చంద్రుడు ఒక్కో పాదం దాటడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. డాలస్ గడియారంలోని టైముని అలాగే పట్టుకుని ఇక్కడి పంచాంగంలో చూస్తే తప్పు వస్తుంది. అక్కడి చలికాలపు టైముకి 11 గంటల 30 నిమిషాలు, వేసవి టైముకి 10 గంటల 30 నిమిషాలు కలిపి, తేదీ మారితే మార్చుకుని అప్పుడు చూడాలి. పదకొండు గంటలంటే సుమారు రెండు పాదాలు. హస్త మూడు అనుకున్నది చిత్త మొదటి పాదంలోకి పోవచ్చు. అప్పుడు అక్షరం ‘పే’ అవుతుంది. పేరమ్మ లాంటి పేర్లు ఆ అక్షరం మీదివే.

సరిచూశాక కూడా హస్తే అయితే దాని నాలుగు అక్షరాలు పూ, ష, ణ, ఠ. ణ, ఠలతో తెలుగిళ్లలో పేర్లు దాదాపు లేవు, ‘ష’తోనూ తక్కువే. ఇలాంటప్పుడు అదే నక్షత్రంలో పలికే అక్షరం తీసుకోవడం ఉన్నదే. మీకు ‘పూ’ ఉంది కాబట్టి పూర్ణ అనండి. పైగా పేరు ఒక్కటే ఉండాలని సంప్రదాయంలో లేదు. నక్షత్రనామం, మాసనామం, దేవతానామం, వ్యవహారనామం అని నాలుగున్నాయి. పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో నక్షత్రనామంగా ‘పూర్ణ’ రాసి, చెవిలో చెప్పి, వ్యవహారానికి అన్నపూర్ణ ఉంచండి. రోజూ పిలిచేది పూర్ణ అనే కాబట్టి అక్షరమూ నిలుస్తుంది, మీ అమ్మగారి పేరూ నిలుస్తుంది.

మా అత్తగారు పోయి ఏడాదైంది. ఆవిడ పేరు వెంకటసుబ్బమ్మ. పాపకి అదే పెట్టాలని మావారి పట్టుదల. నాకూ ఇష్టమే కానీ స్కూల్లో ఏడిపిస్తారేమోనని భయం.
*– ఒక పాఠకురాలు, గుంటూరు*

ఆ పేరులో ఇద్దరు దేవుళ్లున్నారు, వెంకటేశ్వరుడూ సుబ్రహ్మణ్యేశ్వరుడూ. ఒకరిని ఉంచుకున్నా పేరు పెట్టినట్టే లెక్క. సుబ్బలక్ష్మి అనండి, సంగీతం తెలిసిన ఏ ఊళ్లోనైనా ఆ పేరుకి నమస్కారం పెడతారు. వెంకమ్మ వైపు వెళ్తే వెంగమాంబ ఉంది. 1730లో పుట్టిన కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు తిరుమలలో నిత్యాన్నదానం జరిగే భవనానికి ఉంది కాబట్టి పాపకి చెప్పుకోవడానికి కథ కూడా సిద్ధం.

మీకు ఇంకో సలహా వచ్చే ఉంటుంది, ‘ముందు వెంకటసుబ్బ తగిలించి, చివర ఏదో ఫ్యాషన్ పేరు పెట్టెయ్’ అని. అది మాత్రం చెయ్యకండి. నాలుగు ముక్కల పేరు మార్కుల జాబితాలోకి వెళ్లేసరికి వి.ఎస్. అనే రెండు పొడి అక్షరాలవుతుంది. అవి దేనికని పిల్లనెవరూ అడగరు, అత్తగారి పేరు అక్కడితో పోయినట్టే.

అత్తగారి పేరు నోటితో అనని ఇళ్లలో కోడలు పాపని ఆ పేరుతో తిట్టలేదు, కొట్టలేదు. దాంతో అమ్మడూ, చిట్టీ, బుజ్జీ అంటూ ముద్దుపేరే ఖాయమవుతుంది. ముద్దుపేరు తప్పు కాదు, రెండూ కలిపి వాడకపోవడమే తప్పు. మూడేళ్లకి బళ్లో వేస్తే, హాజరులో ‘సుబ్బలక్ష్మి’ అన్నప్పుడు అది తనేనని పిల్లకి తెలియదు. ఆరో నెల నుంచే నాన్న, తాతగారు అసలు పేరుతో పిలిచేలా చూడండి.

పేరు తేలక పాప బర్త్ సర్టిఫికెట్‌లో ఖాళీగా వదిలేశాం. ఇప్పుడు పద్నాలుగో నెల. మాది కాకినాడ, కాన్పు రాజమండ్రిలో. ఏం చేయాలి?
*– ఒక తండ్రి, కాకినాడ*

రాజమండ్రి వెళ్లాలి. జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన ఊళ్లో, తల్లిదండ్రులు ఉండే ఊళ్లో కాదు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పేరు లేకుండా నమోదైన బిడ్డకి 12 నెలల్లోపు ఉచితంగా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేరుస్తారు. మీకు దాటింది రెండు నెలల లోపే, రుసుము కడితే సరిపోతుంది. పాత సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్ కాపీలు, ఇద్దరూ సంతకం చేసిన దరఖాస్తు తీసుకెళ్లండి.

అసలు జాగ్రత్త టైపు దగ్గర. పాతపేర్లలో ఒత్తులూ, ణ–న, ళ–ల, శ–స ఎక్కువ. ‘అన్నపూర్న’, ‘సుబద్ర’ అని పడితే అదే కాగితం బడికీ, ఆధార్‌కీ, పాస్‌పోర్ట్‌కీ పోతుంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకి పుట్టినతేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్టే. పేరుని తెలుగులోనూ, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనూ ఒక తెల్లకాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన పెట్టండి. ప్రింటు తీసేముందు తెర మీద మీరే చదవండి. తర్వాత అక్షరదోషం దిద్దించుకోవడం వేరు, పేరే మార్చుకోవడం వేరు. రెండోది చాలా తిప్పుతుంది. ఇంటిపేరుని పొడి అక్షరంగా వదలకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్ట్ అప్పుడు ఆ మేలు తెలుస్తుంది.

పాతపేర్లు అంటే అన్నీ కోస్తావేనా? మా దిక్కు పేర్లు చెప్పండి.
*– ఒక పాఠకురాలు, కరీంనగర్*

మీ అవ్వల పేర్లలో ఊళ్ల దేవుళ్లంతా ఉన్నారు. వేములవాడ రాజన్న వల్ల రాజవ్వ, కొమురవెల్లి మల్లన్న వల్ల మల్లవ్వ, కొమురవ్వ, యాదగిరిగుట్ట వల్ల యాదమ్మ, మేడారం వల్ల సమ్మక్క, సారక్క. రాజవ్వని రాజేశ్వరి చేసినా వేములవాడ చెడదు, అమ్మవారు రాజరాజేశ్వరే. కానీ యాదమ్మని యామిని అంటే గుట్టకీ ఆ పేరుకీ సంబంధం తెగిపోతుంది, అలా మార్చకండి. సమ్మక్కని ఉన్నదున్నట్టే పెట్టడం మేలు. పుట్టినవాళ్లు దక్కక, ఈసారి బిడ్డ నిలవాలని పెట్టిన పెంటమ్మ లాంటి పేర్ల జోలికి వెళ్లకపోయినా పెద్దవాళ్లేమీ అనుకోరు. ఆ పని ఆ పేరు అప్పుడే చేసేసింది.

మేం న్యూజెర్సీలో ఉంటాం. లలిత, కమల, సుశీలల్లో అక్కడి టీచర్ల నోట ఏది బతుకుతుంది? న్యూమరాలజీ ప్రకారం ఒక అక్షరం అదనంగా కలపమన్నారు కూడా.

సుశీల. లలితలో ‘త’ ఇరుక్కుంటుంది. టీ ఒక్కటే రాస్తే ‘లలిట’ అంటారు, పక్కన హెచ్ పెడితే ‘లలిథ’ అంటారు. కమల సులువే అనుకుంటాం గానీ, అమెరికా ఉపాధ్యక్షురాలిగా నాలుగేళ్లున్న కమలా హారిస్‌నే చాలామంది ‘కమాలా’ అన్నారు. సుశీలకి మధ్యలో ఎస్ పక్కన హెచ్ ఉంచి, ‘శీ’కి ఇంగ్లీషు ‘ఈ’ రెండుసార్లు రాయండి, దాదాపు మనలాగే పలుకుతారు. ఆ రెండో ‘ఈ’నే మీ అదనపు అక్షరం కింద లెక్కేసుకోమని న్యూమరాలజీ ఆయనకి చెప్పండి. ఆయన ఒప్పుకోక ఇంకోటి కలపమన్నా, ఆస్పత్రిలో ఫారం నింపేలోపే కలపండి. తర్వాత కలిపితే ఒక్కో కాగితంలో ఒక్కో పేరుంటుంది.