ల్యాప్‌టాప్‌కి ఛార్జింగ్ నిలవట్లేదా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

ఫాల్ సెమిస్టర్ మొదలవగానే అమెరికాలో డాలస్ చుట్టుపక్కల కొత్తగా దిగిన పిల్లలు అడిగే ప్రశ్న ఇది: "అన్నా, హైదరాబాద్‌లో బాగానే ఉన్న ల్యాప్‌టాప్ ఇక్కడికొచ్చాక రెండు గంటలు కూడా రావట్లేదు. ఇక్కడి కరెంటు పడలేదా? కొత్తది కొనేయనా?"

కొనొద్దు. ఫీజు, అపార్ట్‌మెంట్ డిపాజిట్ కట్టి ఇంకా ఊపిరి కూడా తీసుకోలేదు మీరు.

కరెంటు తప్పేమీ లేదు. మన దగ్గర 230 వోల్టులు, ఇక్కడ 120. అడాప్టర్ మీద సన్నటి అక్షరాల్లో 100-240 అని ఉంటే రెండు చోట్లా పనిచేస్తుంది, కన్వర్టర్ అక్కర్లేదు. అడాప్టర్ నుంచి గోడకి వెళ్లే వైరు చాలావాటికి ఊడొస్తుంది. అలాంటిదే అమెరికా పిన్నులది ఒకటి కొనుక్కోండి. ట్రావెల్ ప్లగ్గు బరువుకి వేలాడి వదులైతే ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది.

అసలు సంగతి వేరే. బీటెక్ అంతా చాలామంది ల్యాప్‌టాప్‌ని టేబుల్ మీద ఛార్జర్‌కి తగిలించే వాడతారు. క్లాసు నుంచి లైబ్రరీకి, అక్కడి నుంచి బస్సుకి తిరుగుతూ బ్యాటరీ మీద నడపడం ఇక్కడే మొదలు. బ్యాటరీ ఇండియాలోనే అరిగిపోయి ఉండొచ్చు, మీకు ఇప్పుడు తెలుస్తోంది అంతే. కాబట్టి ఊహలు మానేసి లెక్క చూడండి.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరవండి. ఇంగ్లిష్‌లో పవర్ అన్న మాటకి సి, ఎఫ్, జి కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ కొట్టి, బ్యాటరీరిపోర్ట్ అని ఒకే మాటగా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. రిపోర్ట్ ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది. దాన్ని తెరిస్తే డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టాల్సిన ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిండుగా పడుతున్నది) అని రెండు అంకెలుంటాయి. మొదటిది 50,000, రెండోది 30,000 ఉందనుకోండి, మీ బ్యాటరీలో మిగిలింది 60 శాతమే. నా లెక్కలో 80 పైన ఉంటే బ్యాటరీ జోలికి పోవద్దు, సెట్టింగుల్లో వెతకండి. 60 కంటే తక్కువైతే బ్యాటరీ మార్పించండి, ల్యాప్‌టాప్‌ని కాదు. ఇండియాలో కొన్న వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో ముందే చూసుకోండి.

సెట్టింగుల్లో నాకు ఎక్కువగా కనిపించేది స్లీప్ గొడవ. మూత మూసి బ్యాగులో పెడతారు. క్లాసులో తీసేసరికి ల్యాప్‌టాప్ కాలిపోతూ ఉంటుంది, ఛార్జింగ్ సగానికి పడిపోయి ఉంటుంది. ఇప్పటి మోడళ్లలో చాలావరకు స్లీప్‌లో కూడా పూర్తిగా నిద్రపోవు. లోపల మెయిళ్లు, అప్‌డేట్లు నడుస్తూనే ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత మూస్తే ఏం చేయాలన్న చోట హైబర్నేట్ పెట్టండి. తెరిచి ఉన్న పనంతా డిస్క్‌లో దాచి కరెంటు పూర్తిగా ఆపేస్తుంది. మళ్లీ తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు స్క్రీన్ రిఫ్రెష్ రేటు (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్నది) 144 నుంచి 60కి తగ్గించండి, తేడా తెలుస్తుంది.

"ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్" అని కనిపించగానే టెన్షన్ పడకండి. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ లాంటివి, బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలని కావాలనే 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేస్తాయి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది మంచిదే. రోజంతా క్లాసులుంటే ముందురోజు రాత్రి ఆ మోడ్ తీసేయండి. అది ఆన్‌లో లేకపోయినా ఎక్కట్లేదంటే, రూమ్మేట్ ఫోన్ ఛార్జర్ పెట్టారేమో చూడండి. 65 వాట్లు అడిగే ల్యాప్‌టాప్‌కి 20 వాట్లది చాలదు.

ఇక ఎండ. ఆగస్టులో ఇక్కడ 38 డిగ్రీలు దాటడం మామూలే, మూసిన కారులో ఇంకా ఎక్కువ. గ్రోసరీకి వెళ్లినా ల్యాప్‌టాప్‌ని కారులో వదలొద్దు. చికాగో, బఫెలో వైపు వెళ్లినవాళ్లకి చలితో ఇబ్బంది. గడ్డకట్టే చలిలోంచి తెచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకుండా, గది వేడికి వచ్చేదాకా ఆగండి.

టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, టేబుల్ మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగినా, అది ఉబ్బిన బ్యాటరీ కావచ్చు. ఒక్క పూట కూడా వాడొద్దు. ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయండి, నొక్కడం, పొడవడం చేయొద్దు. చెత్తబుట్టలో అస్సలు వేయొద్దు. మీ సిటీ లేదా కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఫోన్ చేసి ఎలా తేవాలో అడగండి.

కొత్త బ్యాటరీని ఇండియా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటుంటే, 100 వాట్-అవర్ల లోపుది, టెర్మినళ్లకి (కరెంటు అందే లోహపు కొనలకి) టేప్ అంటించి, క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోమనండి. విడి లిథియం బ్యాటరీని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు.